రాజ్యసభలో ఏ చర్చ ఏ రోజు, ఎంతసేపు? ఆ గడియారం ఎవరి చేతిలో ఉంది?

మిర్చి_యార్డు (గుంటూరు) · సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. పార్లమెంటు పద్ధతులు తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మిర్చి ధరల గురించి రాజ్యసభలో మాట్లాడమని మా రైతులం కొందరం కలిసి ఒక సభ్యుణ్ని కోరాం. ఆయన కాదనలేదు. జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర ప్రజా సమస్యలు ప్రస్తావించే వేళలో, లేచారు, బాగానే మొదలుపెట్టారు. మూడు నిమిషాలకు మైకు ఆగిపోయింది. ఏ మంత్రీ లేచి జవాబు చెప్పలేదు. తర్వాతి సభ్యుడు వేరే రాష్ట్రంలోని రైల్వే వంతెన గురించి అందుకున్నారు. మా పంట సంగతి అక్కడితో సరి.

ఇదే సభ 2025 ఏప్రిల్ 3న ఉదయం పదకొండుకు మొదలై మరునాడు తెల్లవారుజామున నాలుగు దాటేదాకా కూర్చుంది. కాబట్టి సమయం లేదంటే నేను నమ్మను. ఆ సమయాన్ని ఎవరు పంచుతారు? ఛైర్మనా, ప్రభుత్వమా, పార్టీలా? మాలాంటివాళ్లు ఏ తలుపు తట్టాలి?

---

గ్యాలరీ_పాతకాపు (హైదరాబాద్) · సోమవారం, రాత్రి 9:25

మిర్చి_యార్డు గారూ, ప్రెస్ గ్యాలరీలో కూర్చుని చాలా ఏళ్లు పార్లమెంటు వార్తలు రాసినవాణ్ని. ముందు రోజు ఎలా నడుస్తుందో చెబుతాను.

పదకొండుకు సభ మొదలవుతుంది. సంతాపాలు, కొత్త సభ్యుల ప్రమాణాలు ఉంటే ముందు అవి. తర్వాత మంత్రులు పత్రాలను సభ ముందు ఉంచుతారు, కమిటీల నివేదికలు వస్తాయి. ఆ వెంటనే జీరో అవర్. పన్నెండుకు ప్రశ్నోత్తరాలు, ఒంటిగంటకు భోజన విరామం, రెండు నుంచి ఆరు దాకా బిల్లులు, చర్చలు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు మాత్రం ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రులు కానివారివి. ఒక శుక్రవారం వాళ్ల బిల్లులు తీసుకుంటే మరో శుక్రవారం వాళ్ల తీర్మానాలు.

ఈ వరుస మొదటినుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు లోక్‌సభలోలాగే ఇక్కడా పదకొండుకే ప్రశ్నోత్తరాలు. పొద్దున పేపర్లో వచ్చిన వార్త పట్టుకుని సభ్యులు ఛైర్మన్ కుర్చీ ముందున్న వెల్‌లోకి వచ్చేవారు, వాయిదా పడేది, మంత్రులు జవాబు చెప్పవలసిన గంట కాస్తా గాలికి పోయేది. 2011లో ప్రశ్నోత్తరాలను మధ్యాహ్నానికి మార్చి చూశారు, నిలవలేదు. చివరికి హమీద్ అన్సారీ ఛైర్మన్‌గా ఉండగా 2014 శీతాకాల సమావేశాల నుంచి పన్నెండుకు జరిపి, సభను సాయంత్రం ఆరు దాకా పొడిగించారు. ఆవేశం ఉన్నవాళ్లకు ముందే జీరో అవర్ ఇచ్చేస్తే ప్రశ్నల గంట దక్కుతుందన్నది ఆలోచన. గొడవలు ఆగలేదు కానీ కొంత మేలైతే జరిగింది.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. సభా వ్యవహారాల సలహా సంఘం ఒకటి ఉంది, మన పత్రికల్లో బీఏసీ అని రాస్తాం. ఛైర్మన్, డిప్యూటీ ఛైర్మన్‌తో కలిపి పదకొండు మంది. వాళ్లను నియమించేదీ ఛైర్మనే, అధ్యక్షత వహించేదీ ఆయనే. ఈ బిల్లుకు నాలుగు గంటలు, ఆ చర్చకు ఎనిమిది గంటలు అని అక్కడ అనుకుంటారు. అయితే ఏ బిల్లు ముందు, ఏది వెనక అన్న వరుస ప్రభుత్వం ఇచ్చేదే. బీఏసీ చేసేది దానికి గంటలు కట్టడం.

---

న్యాయవిద్య (వరంగల్) · సోమవారం, రాత్రి 10:02

పాతకాపు గారు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. బీఏసీ మొత్తం గంటలు తేల్చాక వాటిని పార్టీలకు సభలో ఉన్న బలాన్ని బట్టి పంచుతారు. సభలో స్థానాలు 245. ఒక చర్చకు ఎనిమిది గంటలు ఇచ్చారనుకోండి, అంటే 480 నిమిషాలు. సభ్యుడికి రెండు నిమిషాలు కూడా రాదు. ఏడుగురున్న పార్టీకి దాదాపు 14 నిమిషాలు. ఆ పార్టీ నాయకుడు పది నిమిషాలు మాట్లాడితే రెండో సభ్యుడికి నాలుగు మిగులుతాయి, మిగతా ఐదుగురు ఆ రోజుకు శ్రోతలే. ఒకరిద్దరే ఉన్న పార్టీలనూ స్వతంత్రులనూ 'ఇతరులు' అనే ఒకే గంపలో వేస్తారు. వాళ్ల వంతు తరచుగా చివర్లోనే వస్తుంది, అప్పటికి సభలో సగం కుర్చీలు ఖాళీ.

మీ సభ్యుడి మైకు మూడు నిమిషాలకు ఆగడం ఆయన మీద కోపంతో జరిగింది కాదు. జీరో అవర్‌లో ఎవరికైనా అంతే.

---

సిక్కోలు_మాస్టారు (శ్రీకాకుళం) · సోమవారం, రాత్రి 10:47

న్యాయవిద్య చెప్పిన లెక్క దగ్గరే నా బాధ ఉందమ్మా. పౌరశాస్త్రం పాఠం చెప్పిన ఏళ్లన్నీ పిల్లలకు 'రాజ్యసభ అంటే రాష్ట్రాల సభ' అని బోర్డు మీద రాశాను. పేరుకు తగ్గట్టే ప్రతి రాష్ట్రానికీ స్థానాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. కానీ గడియారం రాష్ట్రాలను లెక్కపెట్టదు, పార్టీలను లెక్కపెడుతుంది. పోలవరం మీద చర్చ జరిగినా ఆంధ్రప్రదేశ్‌కు ఇన్ని నిమిషాలు అని ఎవరూ ఇవ్వరు. ఆ రోజు ఏ పార్టీ తన వాటాలోంచి మన ప్రాంతపు సభ్యుడికి అవకాశం ఇస్తే ఆయన మాట్లాడతాడు, లేకపోతే లేదు.

2024 ఏప్రిల్ తర్వాత కొన్నాళ్లు ఆంధ్రప్రదేశ్ 11 స్థానాలూ ఒకే పార్టీ చేతిలో ఉండేవి, ఆ జూన్‌లో రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన పార్టీకి రాజ్యసభలో కొన్ని నెలలపాటు ఒక్కరూ లేరు. ఎవరిది ఒప్పు అని నేను అనడం లేదు. ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వం గొంతు ఆ సభలో వినపడే ఏర్పాటు కార్యక్రమాల పట్టికలో ఎక్కడా లేదని మాత్రం అంటున్నాను.

1952లో తొలి సభ కూర్చున్నప్పుడు పుచ్చలపల్లి సుందరయ్య, ఎన్.జి. రంగా అందులో సభ్యులు. ఒకరు కమ్యూనిస్టు, ఒకరు రైతు నాయకుడు, ఇద్దరూ ఈ నేల గురించి మాట్లాడటానికే అక్కడికి వెళ్లినవాళ్లు. ఆ సభ ఇది.

---

కృష్ణా_కరకట్ట (విజయవాడ) · మంగళవారం, ఉదయం 7:15

బీఏసీ, గంటలు, వాటాలు అన్నీ సరే. ప్రతిపక్షం రోజూ రాజ్యసభ నిబంధన 267 కింద నోటీసులు ఇస్తుంది, రోజూ తిరస్కరిస్తారు. 2023 జులైలో మణిపుర్ తగలబడుతుంటే చర్చ ఏ నిబంధన కింద జరగాలి అన్నదాని మీద వర్షాకాల సమావేశాల్లో రోజుల తరబడి పోయాయి. ప్రభుత్వం 176 అంది, ప్రతిపక్షం 267 అంది. మనుషులు చనిపోతుంటే అంకెల మీద పోట్లాట ఏమిటండీ?

---

గ్యాలరీ_పాతకాపు · మంగళవారం, ఉదయం 9:30

కరకట్ట గారూ, మీ కోపం సహజం. అయితే ఆ అంకెల వెనక ఉన్న తేడా చిన్నది కాదు.

176 అంటే స్వల్పకాలిక చర్చ. రెండున్నర గంటలకు మించకూడదని నియమం. మంత్రి జవాబుతో ముగుస్తుంది, ఓటింగు ఉండదు. ఎప్పుడు జరపాలో ఛైర్మన్ సభా నాయకుణ్ని (సభలో ప్రభుత్వ పక్ష నాయకుణ్ని) సంప్రదించి నిర్ణయిస్తారు, అంటే ప్రభుత్వానికి అనువైన రోజునే పడుతుంది. 267 అంటే ఆ రోజు కార్యక్రమాలకు సంబంధించిన నిబంధనను పక్కన పెట్టి, ముందు ఈ సంగతి తేల్చండి అని కోరడం. మిగతా పనులన్నీ ఆగుతాయి. దేశం దృష్టి ఆ చర్చ మీద పడుతుంది. ప్రతిపక్షానికి కావలసింది ఆ బరువు.

లోక్‌సభలో దీనికి వాయిదా తీర్మానం ఉంది. అందులో ప్రభుత్వాన్ని మందలించే అంశం ఉంటుంది, మంత్రివర్గం బాధ్యత వహించేది లోక్‌సభకే కాబట్టి రాజ్యసభలో వాయిదా తీర్మానమూ లేదు, అవిశ్వాస తీర్మానమూ లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఇక్కడి సభ్యులు 267ను పట్టుకున్నారు. నిజానికి అది అందుకోసం రాసిన నిబంధన కాదు. 2000లో దాన్ని సవరించి, ఆ రోజు పట్టికలో ఉన్న అంశానికి సంబంధించి మాత్రమే వాడాలని బిగించారు. అయినా 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు మీద చర్చకు దీని కిందే ఒప్పుకున్నారు. ఆ చర్చ కూడా గొడవల్లో పూర్తికాకుండా ఆగిపోయింది. తర్వాత ఏళ్ల తరబడి నోటీసులు రావడం, తిరస్కరించడం రివాజు అయింది. వెంకయ్య నాయుడు గారి కాలంలోనూ అంతే, ఆయన తర్వాత ధన్‌ఖడ్ కాలంలోనూ అంతే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఛైర్మన్లు అక్షరాన్ని బట్టి సరిగ్గానే తిరస్కరించారు. కానీ అత్యవసర చర్చ కోరడానికి సరైన దారి లేని సభలో, ఉన్న ఒక్క కిటికీనీ మూసినప్పుడు ఇంకోటి తెరవవలసిన బాధ్యత ఆ సభదే. ఆ పని ఎవరూ చేయలేదు.

---

ఓరుగల్లు_కోట (హన్మకొండ) · మంగళవారం, ఉదయం 10:11

> ఉన్న ఒక్క కిటికీనీ

ఒక్కటే కాదు కదండీ. ఓటింగుతో కూడిన చర్చ కావాలంటే 167 కింద తీర్మానం పెట్టవచ్చు. మంత్రి ప్రకటన కావాలంటే సావధాన తీర్మానం ఉంది, 180 కింద. 250 మాటలకు మించకుండా ప్రత్యేక ప్రస్తావన ఉంది. ఇవన్నీ వదిలేసి రోజూ 267 అని పట్టుబట్టడంలో ప్రతిపక్షం తప్పు లేదా?

---

గ్యాలరీ_పాతకాపు · మంగళవారం, ఉదయం 10:40

167 కింద తీర్మానం పెట్టడానికి అనుమతి వచ్చినా దానికి రోజు కేటాయించాలి. ఆ రోజు ఇచ్చేది మళ్లీ సభా నాయకుణ్ని సంప్రదించాకే. నోటీసు అనుమతి పొంది, తేదీ దొరకక పెట్టెలో మిగిలిపోయిన తీర్మానాలు ఎన్నో. మన బాధ అంతా ఆ తేదీ గురించే.

సర్దుబాటు కుదిరిన సందర్భాలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో రైతుల ఆందోళన మీద విడిగా చర్చ కావాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. చివరికి రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాదాలు తెలిపే తీర్మానానికి ఇచ్చిన పది గంటలకు మరో ఐదు గంటలు కలిపి పదిహేను చేశారు, రైతుల సంగతి అందులోనే మాట్లాడుకోమన్నారు. 2024 డిసెంబరులో రాజ్యాంగం మీద రెండు రోజుల చర్చ, 2025 జులైలో ఆపరేషన్ సిందూర్ మీద ఒక్కో సభలో పదహారు గంటల చర్చ, ఇవన్నీ పార్టీల నాయకులు తలుపు మూసుకుని కూర్చుని కుదుర్చుకున్నవే. నిబంధన పుస్తకం కంటే ఆ గదిలో కుదిరే మాటే సభను నడుపుతుంది.

---

కృష్ణా_కరకట్ట · మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఆ గదిలో కుదిరే మాట అంటే నాకు 2014 ఫిబ్రవరి 20 గుర్తుకొస్తుంది. విభజన బిల్లు. మన రాష్ట్రం ఉండాలా విడిపోవాలా అన్న సంగతి ఒక్క రోజులో, వాయిదాల మధ్య, మూజువాణి ఓటుతో తేల్చేశారు. ప్రత్యేక హోదా ఐదేళ్లు అని ప్రధాని నోటిమాటగా చెప్పారు. చట్టంలో రాయలేదు. రాయకపోవడం వల్ల ఏమైందో అందరికీ తెలుసు.

---

ఓరుగల్లు_కోట · మంగళవారం, మధ్యాహ్నం 2:05

కరకట్ట అన్నా, మా వైపు నుంచి చూస్తే ఆ ఒక్క రోజు వెనక దశాబ్దాల ఎదురుచూపు ఉంది. హడావిడి అని మీకు అనిపించింది, ఆ రోజు తప్పితే ఇక లేదని మాకు అనిపించింది. ఆ భయం ఊహ కాదని కూడా చెప్పాలి. న్యాయవిద్య ఈ సంగతి నాకంటే బాగా చెబుతారు.

---

న్యాయవిద్య · మంగళవారం, సాయంత్రం 6:30

చెబుతాను. ఆ రోజు జరిగినదంతా తేదీల ఒత్తిడి.

బిల్లు లోక్‌సభలో ఫిబ్రవరి 18న నెగ్గింది. రాజ్యసభలో 20న చర్చకు వచ్చింది. పదిహేనవ లోక్‌సభ చివరి సమావేశాలు 21న ముగియాలి, ఆ వెంటనే ఎన్నికలు. రాజ్యసభ ఎప్పటికీ రద్దు కాదు కాబట్టి బిల్లు అక్కడ భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది లోక్‌సభ ముఖం చూడని బిల్లు విషయంలోనే నిజం. లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో ఆగిపోయిన బిల్లు, ఆ లోక్‌సభ రద్దుతో పాటే కాలం చెల్లిపోతుంది. అంటే 21 దాటితే తెలంగాణ బిల్లు మళ్లీ మొదటి నుంచి రావలసిందే. ఓరుగల్లు_కోట గారి భయానికి కారణం అది.

ఇప్పుడు కరకట్ట గారి వైపు చూడండి. ప్రత్యేక హోదాను చట్టంలో పెట్టాలంటే రాజ్యసభ బిల్లును సవరించాలి. సవరిస్తే బిల్లు తిరిగి లోక్‌సభకు వెళ్లాలి. అక్కడ మిగిలింది ఒక్క రోజు, ఆ లోక్‌సభ అప్పటికే ఎంత అల్లకల్లోలంగా ఉందో అందరూ చూశారు. అందుకే సవరణ బదులు ప్రధాని ప్రకటన వచ్చింది. వెంకయ్య నాయుడు గారు ప్రతిపక్షం నుంచి గట్టిగా అడిగారు, మన్మోహన్ సింగ్ గారు సభలో హామీ ఇచ్చారు, బిల్లు అక్షరం మారకుండా నెగ్గింది.

బిల్లు వారం ముందు రాజ్యసభకు వచ్చి ఉంటే సవరణకు వ్యవధి ఉండేది. రాష్ట్రం వచ్చినవాళ్లకూ అన్యాయం జరిగేది కాదు, హామీ కోరినవాళ్లకూ అది చట్టంలో అక్షరంగా దొరికేది. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఇన్నేళ్లుగా నలుగుతున్న ఒక తగాదాకు మూలం పట్టికలో ఒక తేదీ అని నేను నమ్ముతున్నాను.

---

కృష్ణా_కరకట్ట · మంగళవారం, రాత్రి 8:10

ఇలా ఎవరూ నాకు చెప్పలేదు. తర్వాత కేవీపీ రామచంద్రరావు గారి ప్రైవేటు బిల్లు కథ కూడా ఎవరైనా రాయండి.

---

గ్యాలరీ_పాతకాపు · మంగళవారం, రాత్రి 9:00

హోదా హామీని చట్టంలో చేర్చాలని కేవీపీ గారు రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రైవేటు బిల్లుకు దిక్కు శుక్రవారం మధ్యాహ్నమే. 2016 జులైలో ఓటింగుకు వస్తుందనుకున్న శుక్రవారం వేరే అంశం మీద సభ రచ్చ అయి వాయిదా పడింది. వాయిదా పడితే మళ్లీ వచ్చే శుక్రవారం దాకా ఆగాలి, అది మన వంతు శుక్రవారం అయి ఉండాలి. ఈలోగా అదే అంశం మీద స్వల్పకాలిక చర్చ జరిపారు, ఓటు లేని చర్చ. ఆ తర్వాత ఇది ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన బిల్లు) అవుతుందని ప్రభుత్వం అభ్యంతరం లేవనెత్తింది, ద్రవ్య బిల్లా కాదా తేల్చే అధికారం లోక్‌సభ స్పీకర్‌ది కాబట్టి అటు పంపారు. ఓటింగు జరగనే లేదు.

శుక్రవారాలు ఎప్పుడూ వృథా అని అనను. 2015 ఏప్రిల్ 24న తమిళనాడు సభ్యుడు తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లు రాజ్యసభలో నెగ్గింది. పార్లమెంటు ఆమోదం పొంది చట్టమైన చివరి ప్రైవేటు బిల్లు మాత్రం 1970 నాటిది.

---

టేమ్స్_తెలుగు (లండన్) · బుధవారం, తెల్లవారుజామున 2:50

ఇక్కడి ప్రభువుల సభ పద్ధతి చెబితే పోల్చుకోవడానికి పనికొస్తుంది. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అధ్యక్షస్థానంలో ఉండే లార్డ్ స్పీకర్‌కు, ఆ పదవి 2006లో వచ్చింది, ఎవరు మాట్లాడాలో చెప్పే అధికారం లేదు. మైకు కట్ చేయడం, సస్పెండ్ చేయడం ఆ కుర్చీ పని కాదు. ప్రభుత్వ చీఫ్ విప్ కార్యాలయమే రాబోయే వారాల కార్యక్రమాలను, చర్చల్లో మాట్లాడేవారి జాబితాను ప్రకటిస్తుంది. అది కూడా ప్రతిపక్ష విప్‌లతో మాట్లాడుకున్నాకే. బిల్లు మీద ఇన్ని గంటలే అని గిరి గీయరు. ఏ సభ్యుడు సవరణ ఇచ్చినా దాని మీద చర్చ జరగవలసిందే, ఏరివేత ఉండదు. గురువారాల్లో ఎక్కువ భాగం సాధారణ చర్చలకు వదులుతారు. రాత్రి పదికల్లా, గురువారం ఏడుకల్లా లేవాలని పెట్టుకుంటారు.

ఛైర్మన్ చేతిలో అధికారం ఎక్కువ ఉండటం వల్లే మన దగ్గర గొడవ అనిపిస్తుంది నాకు. ఇక్కడి ప్రభువుల సభలో తిట్టడానికి కుర్చీలో ఎవరూ లేరు, అందుకని వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలి.

---

న్యాయవిద్య · బుధవారం, ఉదయం 8:20

మంచి సమాచారం అండీ, కానీ ఒక తేడా మరిచిపోకూడదు. 1911, 1949 పార్లమెంటు చట్టాల తర్వాత ప్రభువుల సభ మామూలు బిల్లును దాదాపు ఏడాది ఆలస్యం చేయగలదు, అంతకుమించి ఆపలేదు. రాజ్యసభ ద్రవ్య బిల్లు తప్ప ఏ బిల్లునైనా ఆపగలదు. దాన్ని దాటాలంటే ఉమ్మడి సమావేశం పెట్టాలి, అది ఇప్పటికి మూడు బిల్లులకే జరిగింది, 1961, 1978, 2002లలో. రాజ్యాంగ సవరణలకు ఆ దారి కూడా లేదు. గడువు గీత లేకుండా వదిలేస్తే రాజ్యసభలో ఒక్క బిల్లుతో సమావేశాలన్నీ ఆపేయవచ్చు. అందుకే ఇక్కడ గడియారానికి అంత పోటీ.

2011 డిసెంబరు 29 రాత్రి లోక్‌పాల్ బిల్లు సంగతి చూడండి. చర్చ సాగుతూ సాగుతూ అర్ధరాత్రి అయింది. సమావేశాల గడువు అక్కడితో ముగిసిందని ఓటింగు లేకుండానే నిరవధికంగా వాయిదా వేశారు. బిల్లు రాజ్యసభలో నెగ్గడానికి 2013 డిసెంబరు 17 దాకా ఆగవలసి వచ్చింది. గంట పొడిగించాలా వద్దా అన్నది ఎంత పెద్ద నిర్ణయమో ఇంతకంటే ఏ ఉదాహరణ చెబుతుంది?

---

ఓరుగల్లు_కోట · బుధవారం, ఉదయం 8:55

దీనికి ఎదురు ఉదాహరణ 2020 సెప్టెంబరు 20. కరోనా కాలం, రాజ్యసభ ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకానే. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాలే తీసేశారు. వ్యవసాయ బిల్లుల మీద చర్చ ఒంటిగంటకు పూర్తికాలేదు, మంత్రి జవాబు మరునాడు పెట్టుకుందాం అని ప్రతిపక్షం. ఇవాళే ముగిద్దాం అని ప్రభుత్వం. అధ్యక్షస్థానంలో ఉన్న డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ సభ పొడిగించారు. అక్కడే అంటుకుంది. ఓట్లు లెక్కపెట్టే డివిజన్ అడిగినా మూజువాణితోనే ఆమోదించారు. సభ్యులు తమ సీట్లలో లేరు కాబట్టి డివిజన్ ఇవ్వలేదని అధ్యక్షస్థానం వాదన. మరునాడు ఎనిమిది మంది సస్పెండ్. ఏడాది తర్వాత ఆ చట్టాలే వెనక్కి తీసుకున్నారు.

2011లో పొడిగించకపోవడం తప్పయింది, 2020లో పొడిగించడం తప్పయింది. రెండు చోట్లా పొడిగింపు మీద సభలో ఏకాభిప్రాయం లేదు.

---

మిర్చి_యార్డు · బుధవారం, మధ్యాహ్నం 12:30

ఇంత తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నందుకు సంతోషం. నేను మొదట రాసిన ఏప్రిల్ 3 సంగతి మళ్లీ చూశాను. ఆ రాత్రి రెండు దాటాక వక్ఫ్ సవరణ బిల్లు 128-95తో నెగ్గింది. ఆ తర్వాత, అంటే మూడింటి వేళ, మణిపుర్ రాష్ట్రపతి పాలన తీర్మానం తీసుకున్నారు. ఒక రాష్ట్ర ప్రభుత్వం లేకుండా పోయిన సంగతిని రాష్ట్రాల సభ చర్చించింది ఆ వేళప్పుడు. మణిపుర్ వాళ్లు ఆ సమయానికి మేలుకుని చూశారా? మా మూడు నిమిషాలు చిన్న సంగతి అనిపించింది నాకు.

---

సిక్కోలు_మాస్టారు · బుధవారం, సాయంత్రం 5:15

చిన్న సంగతి కాదు నాయనా, రెండూ ఒకే జబ్బు. ప్రభుత్వ బిల్లుకు గంటలు సాగుతాయి, రాష్ట్రం సంగతికి మిగిలిన వేళ దొరుకుతుంది.

నా కోరిక ఒకటుంది. శుక్రవారం ప్రైవేటు సభ్యులకు కేటాయించినట్టే, ప్రతి సమావేశాల్లో కొన్ని పూటలు రాష్ట్రాల అంశాలకని నియమాల్లోనే రాయాలి. ఆ పూట సమయం పార్టీ లెక్కన కాకుండా రాష్ట్రం లెక్కన పంచాలి. ఆంధ్రప్రదేశ్ పూట వచ్చిందంటే 11 మందీ, ఏ పార్టీవారైనా, మాట్లాడాలి. సంబంధిత మంత్రి కూర్చుని వినాలి, జవాబు చెప్పాలి. ఆ పూటను ప్రభుత్వ బిల్లుకు ఇవ్వడం కుదరదని కూడా రాయాలి. మణిపుర్‌కు ఒక్కరే సభ్యుడు, ఆయనకూ ఆ పూట ఉండాలి.

రెండోది, సభ కూర్చునే రోజులు. వెంకటాచలయ్య గారి అధ్యక్షతన పనిచేసిన రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లోనే రాజ్యసభకు ఏడాదికి కనీసం వంద రోజులు, లోక్‌సభకు 120 రోజులు ఉండాలని చెప్పింది. రోజులు ఉంటే రాత్రి మూడింటికి కూర్చోవలసిన పని ఉండదు.

---

టేమ్స్_తెలుగు · బుధవారం, రాత్రి 11:40

మాస్టారూ, రాష్ట్రం లెక్కన సమయం అంటే పార్టీ విప్‌లు ఒప్పుకుంటారా? సభ్యుణ్ని పంపింది పార్టీ కదా.

---

సిక్కోలు_మాస్టారు · గురువారం, ఉదయం 6:30

ఓటుకు విప్, అంటే పార్టీ ఆదేశం, ఉంటుంది. ఓటింగు లేని చర్చలో మాట్లాడటానికి విప్ అడ్డం కాదు. అందుకే ఆ పూట తీర్మానం వద్దు, చర్చ, మంత్రి జవాబు చాలు. పార్టీలకు ఒప్పుకోవడానికి ఇబ్బంది తక్కువ.

---

కృష్ణా_కరకట్ట · గురువారం, ఉదయం 7:50

మన శాసనమండలిలో జరిగిందీ ఈ చర్చలోకి రావాలి. 2020 జనవరి 21న మూడు రాజధానుల బిల్లులు మండలికి వచ్చినప్పుడు రోజంతా పోట్లాట జరిగింది బిల్లులు ముందా, ప్రతిపక్షం 71వ నిబంధన కింద ఇచ్చిన నోటీసు ముందా అన్నదాని మీదే. ఛైర్మన్ షరీఫ్ గారు నోటీసునే ముందు తీసుకున్నారు. మరునాడు విచక్షణాధికారం వాడి బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు చెప్పారు. ఐదు రోజులకే మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానం చేసింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఏది ముందు అన్న ఒక్క ప్రశ్న మీద ఒక సభ ఉనికే ప్రశ్న అయిపోయింది.

---

నిర్వాహకుడు · గురువారం, ఉదయం 9:05

రాజధాని వాదన కోసం వేరే చర్చ తెరిచి ఉంది, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ సభా కార్యక్రమాల వరకే ఉందాం.

---

గ్యాలరీ_పాతకాపు · గురువారం, ఉదయం 11:20

మిర్చి_యార్డు గారు అడిగిన 'ఏ తలుపు తట్టాలి' అన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసిన దారి రాస్తాను.

జీరో అవర్ వద్దు, అది నమోదుకు పనికొస్తుంది కానీ మంత్రి నోరు విప్పవలసిన అవసరం లేదు. నక్షత్ర గుర్తు ప్రశ్న వేయించండి. రాజ్యసభలో రోజుకు 15 నక్షత్ర ప్రశ్నలు, 160 నక్షత్ర గుర్తు లేనివి. నక్షత్ర ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది, అది కూడా పారేసేది కాదు, అంకెలతో సహా ప్రభుత్వం మాట కాగితం మీద ఉంటుంది. అయితే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న వస్తుందో లాటరీలో తేలుతుంది. కాబట్టి ఒక్క సభ్యుణ్ని కాదు, నలుగురైదుగురిని, పార్టీ చూడకుండా కలవండి. అందరూ ఒకే ప్రశ్న వేస్తే ఎవరో ఒకరిది తగిలే అవకాశం పెరుగుతుంది. ఏ రోజు ఏ మంత్రిత్వ శాఖ ప్రశ్నలో ముందే ప్రకటిస్తారు, వ్యవసాయ శాఖ రోజు చూసుకుని వెనక్కి లెక్కపెట్టుకోండి.

ప్రశ్నను చిన్నగా, జవాబు తప్పించుకోలేనట్టుగా రాయండి. 'మిర్చి రైతులను ఆదుకుంటారా' అని అడిగితే 'ప్రభుత్వం కట్టుబడి ఉంది' అని వస్తుంది. మార్కెట్ జోక్యం పథకం కింద ఏ సీజన్‌లో ఎన్ని క్వింటాళ్లు కొన్నారు, రాష్ట్రం వాటా ఎంత, కేంద్రం వాటా ఎంత, ఎంత చెల్లించారు అని అడిగితే అంకెలు రావలసిందే.

ఇంకో దారి పిటిషన్. రాజ్యసభకు పిటిషన్ల కమిటీ ఉంది, మామూలు ప్రజలు అర్జీ పెట్టుకోవచ్చు. సభలో సమర్పించాలంటే ఒక సభ్యుడి సంతకం కావాలి. కమిటీ శాఖల అధికారులను పిలిచి అడుగుతుంది, అక్కడ మూడు నిమిషాల గంట లేదు.

---

మిర్చి_యార్డు · గురువారం, రాత్రి 8:15

చాలా మేలు చేశారు పాతకాపు గారూ. సమావేశాలు మొదలయ్యాక వెళ్లి అడగడం మా అలవాటు. 15 రోజుల లెక్క చూస్తే అప్పటికే ఆలస్యం. ఈ ఆదివారం యార్డులో మావాళ్లతో కూర్చుంటున్నాను. ప్రశ్నలు రాసి ముందు ఇక్కడ పెడతాను. న్యాయవిద్య గారూ, మాటలు సరిచూసి పెట్టగలరా?

---

న్యాయవిద్య · గురువారం, రాత్రి 8:40

తప్పకుండా. ఒక్కో ప్రశ్న ఒకే అంశం మీద ఉండేలా రాయండి. అభిప్రాయం అడిగే ప్రశ్నను, కోర్టు విచారణలో ఉన్న అంశాన్ని అనుమతించరు. మీ దగ్గర కొనుగోలు రసీదులు, ధరల పట్టికలు ఉంటే అవి సభ్యుడికి ఇవ్వండి, అనుబంధ ప్రశ్న వేయడానికి ఆయనకు అవే ఆధారం. ఖమ్మంలోనూ మిర్చి యార్డు ఉంది, అక్కడి రైతులను కూడా కలుపుకోండి. తెలంగాణ సభ్యులు ఏడుగురూ కలుస్తారు, పద్దెనిమిది మంది నోటీసులు ఒకే రోజుకు వెళ్తాయి.